నీలగిరి తైలం: మూత తీసే ముందు చుక్కల లెక్క

ఊటీ వెళ్ళొచ్చినవాళ్ళ సంచిలో మూడు వస్తువులు ఖాయంగా ఉంటాయి: చాక్లెట్లు, టీపొడి, నీలగిరి తైలం. చాక్లెట్లు ఇల్లు చేరేలోపే అయిపోతాయి, టీపొడి నెల తిరిగేసరికి. తైలం సీసా మాత్రం ఏళ్ళ తరబడి అల్మరా పై అరలో పడి ఉంటుంది. ఎవరికైనా జలుబు చేసిన రోజున దాన్ని వెతికి తీసి, మరిగే నీళ్ళలోకి అందాజుగా ఒంపుతారు. ఆ ‘అందాజు’తోనే నా పేచీ అంతా.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. 2021 మే నెల, కరోనా రెండో విడత. అందరం రోజుకు మూడుసార్లు ఆవిరి పడుతున్నాం. బేసిన్ ముందు దుప్పటి కప్పుకుని కూర్చున్న మా అత్తయ్య లోపలి నుంచే "వాసనే రావట్లేదమ్మా, ఇంకాస్త పొయ్యి" అన్నారు. దుప్పటి అంచు ఎత్తి సీసా వంచాను. దానికి చుక్కలుగా పడే బిరడా లేదు, ఉత్త మూతే. ఎంత పడిందో ఇప్పటికీ తెలియదు, అర చెంచా ఉండొచ్చు. రెండు క్షణాల్లో ఆవిడ దుప్పటి విసిరేసి లేచారు. కళ్ళు ఎర్రబడి ధారగా నీళ్ళు, గొంతు పట్టేసి ఊపిరాడని దగ్గు. గుమ్మంలో గాలి తగిలేలా కూర్చోబెడితే మామూలు మనిషి కావడానికి పది నిమిషాలు పట్టింది. వేడినీళ్ళు ఒంటి మీద ఒలకలేదు, అదే అదృష్టం. ఇంతకీ ఆవిడకు వాసన రాకపోవడానికి కారణం తైలం తక్కువై కాదు, కరోనా. ఆ సంగతి మాకు రెండు రోజుల తర్వాత గానీ తట్టలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో ఈ తైలాన్ని చుక్కల్లో లెక్కపెట్టి తప్ప వాడటం లేదు. ఎన్ని చుక్కలు, దేనిలో, ఎవరికి, ఎంతసేపు అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఆ సీసాలో ఉన్నదేమిటి

మనం జామాయిల్ అనే చెట్టూ నీలగిరి తైలం ఇచ్చే చెట్టూ ఒకే కుటుంబానివి గానీ, ఒకే రకం కాదు. మన జిల్లాల్లో పెంచే జామాయిల్ ఎక్కువగా కాగితం గుజ్జు కోసం. భద్రాచలం దగ్గర సారపాక కాగితం మిల్లు చుట్టుపక్కల చూస్తే తెలుస్తుంది. ఊటీ తైలం యూకలిప్టస్ గ్లోబ్యులస్ అనే చలిప్రాంతపు రకం ఆకుది. పుట్టిల్లు ఆస్ట్రేలియా. వంటచెరకు కొరత తీర్చడానికి 1843లో నీలగిరి కొండల మీద వెల్లింగ్టన్ దగ్గర తోటగా నాటారు. తైలం సంగతి తర్వాత వచ్చింది.

తీసే విధానం ఒకసారి తెలుసుకుంటే ఆ సీసా మీద గౌరవం పెరుగుతుంది. రాలిన ఆకును పెద్ద బానలో కుక్కి, కింద మంట పెడతారు. ఆవిరి గొట్టం గుండా చన్నీళ్ళ తొట్టిలోంచి పోతూ చల్లబడి, నీళ్ళూ నూనే కలిసి అవతలి డబ్బాలో పడతాయి. నూనె తేలిక కాబట్టి పైకి తేలుతుంది, దాన్ని వేరు చేస్తారు. వంద కిలోల ఆకుకు అటూ ఇటూగా ఒక కిలో నూనె. అంటే ఐదు ఎంఎల్ చెంచాడు తైలంలో దాదాపు అర కిలో ఆకు సారం ఉన్నట్టు. "ఆకుదే కదా, ఏమవుతుంది" అనేవాళ్ళకు నేను చెప్పే లెక్క ఇదే. అర కిలో ఆకు ఎవరూ ఒక్క గుక్కలో తాగరు.

ఆ నూనెలో ముఖ్యమైన పదార్థం పేరు సినియోల్, యూకలిప్టాల్ అని కూడా అంటారు. మందుల తయారీకి వాడే తైలంలో అది కనీసం 70 శాతం ఉండాలని యూరప్ ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల పుస్తకం) నియమం. మనం పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది ప్రధానంగా దాని వల్లే. చల్లదనాన్ని పసిగట్టే నరాల్ని అది తట్టి లేపుతుంది. గాలి ధారాళంగా ఆడుతున్నట్టు మెదడు అనుకుంటుంది. లోపలి వాపు మాత్రం అంతగా తగ్గి ఉండదు. అందుకే ఆవిరి పట్టిన అరగంటకు ముక్కు మళ్ళీ దిబ్బడ వేస్తుంది. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని జలుబు గురించి ఊరికే అనలేదు. తైలం ఆ ఏడు రోజుల్ని ఆరు చేయదు, రాత్రి నిద్ర పట్టేందుకు సాయపడుతుంది. నాకు అదే చాలా గొప్ప.

జర్మనీలో సినియోల్‌ను గొట్టం మాత్రల (క్యాప్సూల్స్) రూపంలో మింగిస్తారు కదా అని ఎవరైనా అడిగితే, నిజమే. అది శుద్ధి చేసి, మిల్లీగ్రాముల్లో తూచి, పేగులోకి వెళ్ళాక కరిగేలా చేసిన మందు. మన అల్మరాలోని సీసా అది కాదు. దీన్ని టీలోనో తేనెలోనో ఒక్క చుక్క కూడా వేసుకోవద్దు.

కొనేటప్పుడు

లేబుల్ మీద చెట్టు శాస్త్రీయనామం, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న సీసా తీసుకోండి. సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి. ప్లాస్టిక్ సీసాలో నింపి అమ్మేది వద్దు. ఈ తైలం కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. థర్మకోల్ ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి, గుంట పడుతుంది. ‘నూటికి నూరు శాతం స్వచ్ఛం’ అన్న అక్షరాలు ఎంత పెద్దగా ఉన్నా వాటికి విలువ లేదు.

రోడ్డు పక్క అంగళ్ళలో తెల్లకాగితం మీద చుక్క వేసి, ఆరాక మరక లేకపోతే అసలైనదని చూపిస్తారు. అది సగం పరీక్షే. వంటనూనెలాంటిది కలిపి ఉంటే జిడ్డు మరక మిగిలి దొరికిపోతుంది. టర్పెంటైన్ కలిపితే అదీ ఆవిరైపోతుంది కాబట్టి కాగితం శుభ్రంగానే కనిపిస్తుంది. ఒంటికి వాడాలనుకుంటే మందుల షాపులో బిల్లుతో కొనడమే మేలు. రోడ్డు పక్క కొన్నది ఇల్లు తుడవడానికి ఉంచుకోండి.

ఇంకో పని. మూతకు చుక్కల బిరడా లేకపోతే అక్కడే ఒక గాజు డ్రాపర్ కొనుక్కోండి. ఇరవై చుక్కలు దాదాపు ఒక ఎంఎల్. డ్రాపర్‌ను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, పర్వాలేదు. వాడాక డ్రాపర్‌ను సీసాలోనే వదిలేయకండి, పైనున్న రబ్బరు ఉబ్బి జిగటగా తయారవుతుంది.

మొదటిసారి వాడే ముందు

ఒక చెంచా కొబ్బరినూనెలో రెండు చుక్కల తైలం కలిపి, అందులోంచి కొద్దిగా మోచేతి మడతలో రాసి ఒక రోజు వదిలేయండి. ఎర్రబడినా, దురద పెట్టినా, పొక్కులు వచ్చినా మీకు అది పడదు. అంతటితో ఆపేయండి. ఏమీ కాకపోతే ముందుకు వెళ్ళొచ్చు. మునుపు ఎన్నోసార్లు వాడినవాళ్ళు కూడా కొత్త సీసా తెరిచినప్పుడు ఇది చేస్తే మంచిది.

వీళ్ళు మాత్రం పరీక్ష దాకా కూడా వెళ్ళొద్దు: ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్ళు, చిన్నపిల్లలు. ఆస్తమా ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. ఆస్తమా ఉన్న కొందరికి ఈ ఘాటుకే పిల్లికూతలు మొదలవుతాయి.

ఆవిరి పట్టడం

దీన్ని నిదానంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా వాడేది ఇందుకే. తైలం కంటే ముందు నీళ్ళ గురించి భయపడాలి. ఆవిరి పడుతూ ఒళ్ళు కాల్చుకోవడం చాలా మామూలుగా జరిగేదే. మంచం మీద కూర్చుని గిన్నె ఒళ్ళో పెట్టుకోవడం, నేల మీద గిన్నె పెట్టి చుట్టూ పిల్లలు పాకుతుండటం, కుక్కర్ విజిల్‌కు రబ్బరు గొట్టం తగిలించి పీల్చడం. మూడోది కరోనా రోజుల్లో నేను కళ్ళారా చూశాను. దయచేసి వద్దు.

1. కుర్చీలో కూర్చుంటే మీ ఛాతీ ఎత్తుకు వచ్చే కదలని బల్ల చూసుకోండి. తడి గుడ్డ పరిచి, దాని మీద అడుగు వెడల్పాటి బేసిన్ పెట్టండి. తడి గుడ్డ వల్ల బేసిన్ జారదు.

2. లీటరు నీళ్ళు మరిగించి, పొయ్యి ఆపేసి, నీళ్ళను బేసిన్‌లో పోసి రెండు నిమిషాలు ఆగండి. తెర్లుతున్న నీళ్ళ ఆవిరికి ముఖం పెట్టకూడదు. పొయ్యి మీద ఉండగానే తైలం వేయడం అసలే వద్దు. అది మండే స్వభావం ఉన్న నూనె, వేడి ఎక్కితే దాని ఆవిరికి మంట అంటుకోవచ్చు. దీపం, అగరొత్తి కూడా దూరంగా ఉంచండి.

3. ఇప్పుడు రెండు చుక్కలు. మూడు దాటొద్దు. తైలం నీళ్ళలో కరగదు, నీటి మీద పలచని పొరలా పాకుతుంది. వేడి తగలగానే ఆ పొర మొత్తం ఒక్కసారిగా లేస్తుంది. అందుకే మొదటి అర నిమిషం ఘాటు ఎక్కువ. చుక్కలు వేశాక ముప్పై దాకా లెక్కపెట్టి, అప్పుడు ముఖం వంచండి.

4. కళ్ళు మూసుకోండి. అద్దాలు, కాంటాక్ట్ లెన్సులు ముందే తీసేయండి. ముఖానికీ నీళ్ళకూ మధ్య జానెడున్నర దూరం ఉండాలి. తల మీద దుప్పటి బదులు పలచని తువ్వాలు చాలు, పక్కలు తెరిచి ఉంచితే ఘాటు మరీ పేరుకోదు.

5. ముక్కుతో మెల్లగా పీల్చండి. ఐదు నిమిషాలు, మహా అయితే పది. మధ్యలో తల తిరిగినా, దగ్గు వచ్చినా, కళ్ళు మండినా వెంటనే లేచి కిటికీ దగ్గరకు వెళ్ళండి.

6. అయిపోగానే ఆ నీళ్ళు పారబోసి, ముఖం చల్లటి నీళ్ళతో కడుక్కోండి. బేసిన్ నిండా వేడినీళ్ళు అలాగే వదిలి ఫోన్ ఎత్తడానికి వెళ్ళొద్దు.

రోజుకు ఒకటి రెండు సార్లు చాలు. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, ముఖం ఒకవైపు బరువుగా నొప్పి పెడుతున్నా ఆవిరి కట్టిపెట్టి డాక్టర్ దగ్గరకు వెళ్ళండి.

మధ్యలో వాసన తగ్గిపోయిందని ఇంకో చుక్క వేయాలనిపిస్తుంది. తగ్గింది వాసన కాదు, మీ ముక్కు దానికి అలవాటు పడింది. అగరొత్తి వెలిగించిన గదిలో పది నిమిషాలు కూర్చున్నవాళ్ళకు దాని వాసన తెలియదు, బయటినుంచి వచ్చినవాళ్ళకు తెలుస్తుంది. ఇదీ అంతే. ఎంత వేశామో ముక్కును అడగొద్దు, డ్రాపర్‌ను అడగండి.

ఇంట్లో కరెంటు స్టీమర్ ఉంటే నీళ్ళు పోసే గిన్నెలో తైలం వేయకండి, ప్లాస్టిక్ పాడవుతుంది. కొన్నింటికి మూతి దగ్గర మందు వేసే చిన్న గుంట ఉంటుంది, ఉంటే అందులో ఒక చుక్క. లేకపోతే ఉత్త నీళ్ళ ఆవిరే పట్టండి. నిజానికి ఉత్త ఆవిరితోనూ చాలామందికి అంతే ఉపశమనం వస్తుంది.

ఒంటికి రాసేటప్పుడు

మోకాళ్ళు, నడుము, పిక్కలు పట్టేసినప్పుడు రాయడానికి తైలాన్ని ఎప్పుడూ వేరే నూనెలోనే కలపాలి. నువ్వులనూనె అయితే మర్దనకు బాగా సాగుతుంది, కొబ్బరినూనె అయితే త్వరగా ఇంకుతుంది. యాభై ఎంఎల్ నూనెకు ఇరవై చుక్కలు, అంటే రెండు శాతం. ఒక్కసారికి సరిపడా కావాలంటే చెంచా నూనెకు రెండు చుక్కలు. చర్మం పలచబడిన పెద్దవాళ్ళకు అందులో సగం. గోరువెచ్చగా కావాలనుకుంటే ముందు నువ్వులనూనె వేడి చేసి, దించి, చేయి పెట్టగలిగేంత చల్లారాక అప్పుడు తైలం కలపండి.

రాశాక చర్మం వెచ్చబడి నొప్పి కొంత మరిచినట్టు ఉంటుంది. ఆ పైన వేడినీళ్ళ బ్యాగు పెట్టడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు, చర్మం కాలినట్టు కమిలిపోతుంది. తెగిన చోట, పుండ్ల మీద, ఎండకు కమిలిన చర్మం మీద రాయకూడదు. కళ్ళు, ముక్కు లోపల, మర్మావయవాల దగ్గరకు పోనే పోవద్దు. మర్దన చేసిన చేతులు సబ్బుతో కడిగాకే కళ్ళు నలుపుకోండి. పచ్చిమిరపకాయలు తరిగిన చేతులతో ఎంత జాగ్రత్తగా ఉంటామో అంత జాగ్రత్త.

కలపడం, కొలవడం బెడద అనిపిస్తే బామ్ కొనుక్కోండి. అందులో ఈ పని ముందే చేసి పెట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం మన ఇళ్ళలో ఇంతకాలం నిలవడానికి వాసన ఒక్కటే కారణం కాదు. వేలికి ఎంత వస్తే అంత రాసుకోవచ్చు, చుక్కల గొడవ లేదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. ఛాతీకి బామ్, రుమాలుకు తైలం, పక్కన కర్పూరం వాము మూట, గదిలో డిఫ్యూజర్ (తైలం కలిపిన నీళ్ళను గదిలోకి పొగలా వదిలే పరికరం) అన్నీ ఒకేసారి పెడితే అవన్నీ కలిసి ఒకే ఒంట్లోకి వెళతాయి. ఒక పూటకు ఒకటే.

ప్రయాణంలోనో ఆఫీసులోనో అయితే రుమాలు మూలన ఒక చుక్క వేసి, ఆరనిచ్చి, అప్పుడప్పుడు ముక్కుకు దూరంగా పెట్టుకుని పీల్చితే చాలు. తడిగా ఉన్న చుక్క ముక్కుకు తగిలితే అక్కడ చర్మం మండుతుంది. డిఫ్యూజర్ ఉన్నవాళ్ళు వంద ఎంఎల్ నీళ్ళకు మూడు చుక్కలు వేసి, కిటికీ ఓరగా తెరిచి, అరగంటకు ఆపేయండి. రాత్రంతా నడపొద్దు. దోమల మెషీన్ ఖాళీ సీసాలో ఈ తైలం నింపి పెట్టే చిట్కా వీడియోల్లో తిరుగుతోంది. ఆ మెషీన్ ఈ నూనె కోసం చేసింది కాదు, వేడి తీగ పక్కన మండే నూనె పెట్టి నిద్రపోవడం ఎందుకు? ఇంట్లో పిల్లి ఉంటే డిఫ్యూజర్ మాటే మరిచిపోండి. ఇలాంటి నూనెల్ని పిల్లి కాలేయం సరిగా వదిలించుకోలేదు.

పిల్లలు

ఇక్కడ నేను మొహమాటపడను. రెండేళ్ళలోపు పిల్లలకు ఈ తైలం ఏ రూపంలోనూ వద్దు: ఛాతీకి కాదు, పాదాలకు కాదు, మాడుకు కాదు, దిండు మీద చుక్కగా కూడా కాదు. చాలా వేపర్ రబ్ డబ్బాల మీద కూడా ఈ వయసు రాసే ఉంటుంది, అక్షరాలే చిన్నవి. పసివాళ్ళ ముక్కు దగ్గర ఈ ఘాటు తగిలితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆరేళ్ళ దాకా కూడా డాక్టర్ చెబితే తప్ప నేను వాడను. ఆవిరి అయితే, పక్కన కూర్చుని పట్టించినా సరే, చిన్నపిల్లలకు వద్దనే అంటాను. వాళ్ళు కదలకుండా ఉండరు, గిన్నెలో ఉన్నవి వేడినీళ్ళు.

"మా కాలంలో మీ అందరికీ రాశాం, ఏమైంది?" అని నాయనమ్మలు అడుగుతారు. వాళ్ళతో వాదన పెట్టుకుంటే తెగదు. చేతికి ఇంకో పని ఇవ్వండి. పసివాడి ముక్కు దిబ్బడకు మందుల షాపులో సెలైన్ చుక్కలు దొరుకుతాయి. పాలు పట్టే పది నిమిషాల ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి, మెత్తని గుడ్డతో తుడవమనండి. అది ఉప్పునీరే, కాబట్టి నాయనమ్మకూ భయం ఉండదు, మీకూ టెన్షన్ ఉండదు. పక్కటెముకలు లోపలికి పోతూ ఊపిరి తీస్తున్నా, పాలు తాగకపోయినా ఇంట్లో ఏ చిట్కా వద్దు, ఆసుపత్రికే.

ఫిట్స్ సంగతి ఎక్కువమందికి తెలియదు. ఈ తైలం ఆవిరి పీల్చాక ఫిట్స్ వచ్చిన కేసు గురించి బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాల వైద్యులు 2017లో ఒక వైద్యపత్రికలో రాశారు. తర్వాత దక్షిణాది ఆసుపత్రులు కొన్ని కలిసి చూసినప్పుడు పెద్దవాళ్ళలోనూ ఇలాంటివి బయటపడ్డాయి. నీలగిరి తైలం, కర్పూరం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఇంట్లో ఎవరికైనా మొదటిసారి ఫిట్స్ వచ్చి డాక్టర్ దగ్గరకు వెళితే, ఆ రోజు రాసుకున్న బామ్, పట్టిన ఆవిరి గురించి వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పండి.

పొరపాటున మింగితే

దగ్గుమందు అనుకుని చెంచాలో పోసి తాగించడం ఈ తైలంతో జరిగే పెద్ద పొరపాటు. సీసాలు రెండూ ముదురు రంగువే, వాసనలూ దగ్గరదగ్గరే, అర్ధరాత్రి లైటు వేయకుండా అందుకుంటాం. పెద్దవాళ్ళకు కూడా ఒకటి రెండు చెంచాలు ఆసుపత్రి పాలు చేయొచ్చు. చిన్నపిల్లలకు చెంచాలో సగం కూడా చాలా ఎక్కువ.

మింగినట్టు అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టొద్దు, ఉప్పునీళ్ళు తాగించొద్దు. పలచని నూనె కాబట్టి వాంతి చేసుకునేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే అసలు ప్రమాదం అదే. నోరు తుడిచి, 108కి ఫోన్ చేసి, సీసాను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. ఎంత ఖాళీ అయిందో డాక్టర్‌కు సీసా చెబుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117 ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి, ఏ వేళైనా అడగొచ్చు. నోటి మంట, వాంతులు, మగత, తూలడం తరచుగా అరగంటలోనే మొదలవుతాయి, కొందరిలో కొన్ని గంటలు పడుతుంది. అందుకని "బాగానే ఆడుకుంటున్నాడుగా" అని ఇంట్లో ఉండిపోవద్దు.

కంట్లో పడితే కుళాయి కింద పదిహేను నిమిషాలు ధారగా కడగండి, ఆపైన కళ్ళ డాక్టర్. ఒంటి మీద నేరుగా ఒలికితే ముందు గుడ్డతో ఒత్తి తీసి, కొంచెం వంటనూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. ఉత్త నీళ్ళు పోస్తే అది పాకుతుందే తప్ప పోదు.

దోమలకు పనిచేస్తుందా

ఇందులో ఒక తికమక ఉంది. దోమల్ని దూరంగా ఉంచుతుందని అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ళ సీడీసీ చెప్పేది నిమ్మవాసన వచ్చే యూకలిప్టస్ రకం నుంచి శుద్ధి చేసి తీసే పదార్థం గురించి. దాన్ని పీఎండీ అంటారు, మూడేళ్ళలోపు పిల్లలకు అదీ వద్దంటారు. మన ఊటీ తైలంలో ఉండేది అది కాదు. కాళ్ళకు రాసుకుంటే కొద్దిసేపు దోమ వెనకాడుతుందేమో గానీ, డెంగీ రోజుల్లో దీన్ని నమ్ముకుని కూర్చోలేం. దోమతెర కట్టుకోండి.

దాచడం, పాతబడితే వాడటం

సీసా మూత బిగించి, పొయ్యి ఉన్న గదిలో కాకుండా, చీకటిగా చల్లగా ఉండే చోట, పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టండి. తాళం ఉన్న అల్మరా అయితే ఇంకా మంచిది. టానిక్కులు, దగ్గుమందులు ఉండే డబ్బాలో మాత్రం పెట్టకండి. వేరే సీసాలోకి, ముఖ్యంగా పాత మందు సీసాలోకి మార్చకండి. మా ఇంట్లో సీసా చుట్టూ ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టాం. చీకట్లో చేతికి తగిలినా ఇది తాగేది కాదని తెలియాలని.

మూత తీసిన తేదీ లేబుల్ మీద పెన్నుతో రాయండి. గాలి తగిలిన కొద్దీ తైలం మారుతుంది, పాతబడినదానికి చర్మం మీద దురద, దద్దుర్లు వచ్చే అవకాశం ఎక్కువ. ఏడాదిన్నర దాటాక, లేదా వాసనలో పుల్లటి ముక్కదనం వచ్చాక ఒంటికీ ఆవిరికీ వాడకండి. పారబోయాల్సిన పని లేదు. ఇల్లు తుడిచే బకెట్ నీళ్ళలో కాస్త సబ్బునీళ్ళతో కలిపి చిన్న చెంచాడు పోస్తే వానాకాలపు ముక్కవాసన పోతుంది, తుడిచినంతసేపు కిటికీలు తీసి ఉంచండి. కొత్త స్టీలు గిన్నె మీద అంటుకుపోయిన ధర స్టిక్కర్ కాగితాన్ని గోటితో లాగేశాక మిగిలే జిగురు ఉంటుంది చూశారా, దూది మీద రెండు చుక్కలు వేసి దాని మీద రుద్ది, నిమిషం ఆగి తుడిస్తే గీత పడకుండా వచ్చేస్తుంది. ఆ తర్వాత గిన్నె సబ్బుతో రెండుసార్లు కడగాలి.